ఇరవై మూడు నలభై ఎనిమిదులు

మా చెల్లెలి కూతురు నా బెత్తం దెబ్బలకే గుణకారాలు నేర్చుకుందని మా ఇంట్లో ఒక కథ చెలామణిలో ఉంది. కువైట్‌లో ఉన్న మా చెల్లెలు అక్కడి స్నేహితురాళ్లకి కూడా అదే చెబుతుంది, "మా అక్క దగ్గరుంటే రాళ్లకైనా లెక్కలొస్తాయి" అని. శుద్ధ అబద్ధం. నా ఇంట్లో బెత్తమే లేదు. నోరుంది, ఒప్పుకుంటాను. ఆ పిల్ల ముందు నేర్చుకున్నది నన్ను కాదనడం. గుణకారం దాని వెనకాలే వచ్చింది.

అప్పుడది నాలుగో తరగతి. తల్లి దూరాన ఉందని నా దగ్గరే ఉండి, ముమ్మిడివరంలో బడికి వెళ్లేది. ఒక శుక్రవారం ముఖం వేలాడేసుకుని వచ్చింది. రెండంకెల గుణకారాలు రాకపోతే సోమవారం నుంచి లెక్కల పీరియడ్‌కి మూడో తరగతిలో కూర్చోవాలన్నారట మేడం గారు. క్లాసులో అందరికన్నా పొడుగిది. "ఆ చిన్నపిల్లల మధ్యన నేనొక్కదాన్నే కొబ్బరిచెట్టులా ఉంటాను పెద్దమ్మా" అని కళ్లనీళ్లు కుక్కుకుంది.

పుస్తకం తీయించాను. ఇరవై మూడుని నలభై ఎనిమిదితో గుణించాలి. ఎనిమిదితో వేసిన వరస బాగానే ఉంది. నాలుగుతో వేసిన వరసని ఒక స్థానం ఎడమకి జరపడం మరిచిపోయి, రెండూ కూడేసి రెండు వందల డెబ్భై ఆరు తేల్చింది. పక్కన ఉజ్జాయింపు రాయమన్న గడిలో మూడు వందలని రాసింది.

"ఉజ్జాయింపు ముందు కదే వెయ్యాలి?"

"ముందేస్తే తప్పుపోతుందేమోనని... జవాబొచ్చేక దానికి దగ్గరగా వేసేను."

నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. ఉజ్జాయింపు ఉన్నదే జవాబుని నిలదీయడానికి. ఇదేమో జవాబుకి వంతపాడిస్తోంది.

"అయితే రెండు వందల డెబ్భై ఆరే సరైందంటావు?"

"ఆయ్."

"నేను రెండు వేలంటాను."

"ఆయ్."

"పోనీ, ఏడు."

"ఆయ్, పెద్దమ్మా."

అప్పుడు తెలిసింది రోగమేమిటో. పెద్దవాళ్లు ఏమన్నా ఆయ్ అనడం మా వైపు పిల్లలకి ఉగ్గుతోనే పోస్తాం. దీనికి కాగితం మీద తేలిన అంకె కూడా పెద్దవాళ్ల కిందే జమ. ఇక దాన్ని కాదనడమెలా?

మర్నాడు చిక్కుడుకాయలు ముందేసుకుని ఆట పెట్టాను. గుణకారమూ నేనే చెబుతాను, జవాబూ నేనే చెబుతాను. అబద్ధమైనా ఆడతాను. పెన్సిలు ముట్టుకోకుండా అది నన్ను పట్టుకోవాలి.

"ఇరవై మూడు నలభై ఎనిమిదులు, రెండు వందల డెబ్భై ఆరు."

ఆయ్ నోటిదాకా వచ్చింది. మింగేసింది. "ఇరవై యాభైలు... వెయ్యి."

"అయితే?"

"అయితే నువ్వు కొంచెం తక్కువ చెప్పేవేమో."

"కొంచెమా?"

"చాలా."

"గట్టిగా అనవే!"

"తప్పు! తప్పు చెప్పేవ్ పెద్దమ్మా!" అని అరిచేసి, గబుక్కున నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

లోపల్నించి మా అమ్మ అందుకుంది. "నీ నోరు చాలక దానికీ నేర్పుతున్నావా? రేపొద్దున్న దాన్నెవరు భరిస్తారు?"

"నన్ను నువ్వు భరించట్లేదూ!"

ఓడిపోవడం నాకు అలవాటు లేని పని. దాని చేతిలో పట్టుబడినప్పుడల్లా మాత్రం కడుపు నిండినట్టుండేది. ఆదివారానికి ఇంకో సంగతి జరిగింది. వెయ్యి దగ్గర తేలాల్సింది రెండు వందల్లో ఎందుకాగిందని తనంతట తనే వెతుక్కుని, "అది నాలుగు కాదు పెద్దమ్మా, నలభై!" అని పుస్తకం పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. వరస జరపడం నేను నేర్పలేదు.

సోమవారం మేడం గారు బోర్డు మీద అరవై రెండుని ముప్పై ఒకటితో గుణించి చూపిస్తున్నారట. మధ్యలో ఎవరో వచ్చి మధ్యాహ్న భోజనం గుడ్ల సంగతి అడిగేరట. వాళ్లకి సమాధానం చెప్పి ఇటు తిరిగి, రెండో వరస జరపకుండానే కూడేసి రెండు వందల నలభై ఎనిమిది అని వేసి, "అంతేనా?" అన్నారట. క్లాసంతా ఆయ్ అంది. మాది లేచి నిలబడింది.

"కాదండీ. అరవై ముప్పైలే పద్దెనిమిది వందలండీ."

ఆవిడ బోర్డు వంక చూసి, దీని వంక చూసి, జవాబు తుడిచేసి చాక్‌పీసు దీని చేతిలో పెట్టేరట. ఇది వెళ్లి పంతొమ్మిది వందల ఇరవై రెండు వేసొచ్చింది. మూడో తరగతి మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు.

ఇప్పటికీ బస్సుల దగ్గర ఆవిడ కనిపిస్తూనే ఉంటారు. బాగున్నారాండీ అంటే బాగున్నారాండీ అనుకుని ఎవరి దారిన వాళ్లం పోతాం. ఊళ్లో అందరితోనూ వాదనేసుకునే నాకు ఆ ఒక్క మాట అడగడానికి నోరు రావడం లేదు. మేడం గారూ, ఆ రోజు గుడ్ల గొడవలో నిజంగానే పొరపాటుపడ్డారా, లేక మీరూ నాలాగే కావాలని అబద్ధం వేసేరా?