కప్పు లేని కారుకు కప్పు

ఒక మనిషి మూడేళ్ల కష్టాన్ని ఒక్క పూటలో నవ్వులపాలు చేయడానికి శత్రువు అక్కర్లేదు. లెక్కలు బాగా వచ్చిన అక్క ఒకతె ఉంటే చాలు. మా తమ్ముడు రాజుకు ఆ లోటు లేదు. జరిగింది తలకిందులుగా చెప్పుకునే బంధువులు మా సికింద్రాబాదు మెట్టుగూడ నిండా ఉన్నారు గనక, జరిగిన వరసలో నేనే రాసి పెడుతున్నాను. నవ్వదలచినవారు నవ్వవచ్చు. అడ్డు చెప్పే అర్హత నాకు లేదు.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు. నేను హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు. నలభై తొమ్మిది అని మా మరదలు అంటుంది, నమ్మకండి. రాజు మంచి ఉద్యోగం మానేసి, తిరుమలగిరిలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, కార్లు తయారు చేస్తానన్నాడు. మామూలు కార్లు కాదు. మా నాన్న చిన్నప్పుడు తెల్లదొరలు కంటోన్మెంట్‌లో తిప్పిన రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు ఉండేవే, పొడుగు ముక్కు, నేలకు ఆనే నడుము, అలాంటివి. ఇనుప గొట్టాలతో చట్రం తనే వెల్డింగ్ చేసుకున్నాడు. ఫైబర్‌తో ఒళ్లు పోతపోశాడు. లోపల ఈ కాలపు చిన్న కారు ఇంజను బిగించాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి కారు కట్టి చూడలేదు. చూసి ఉంటే మొదటి రెండింటి ఊసు ఎత్తేవాడు కాదు.

"పాతదానికి నకలా ఇది?" అని అడిగాను ఒకసారి.

"నకలు కాదక్కా. ఆ పాత కారు ఈ కాలంలో పుట్టి ఉంటే ఎలా ఉండేదో, అది."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా నేరానికి మూలం ఇదే.

మూడేళ్లకు మొదటి కారు తయారైంది. నిగనిగలాడే పసుపు రంగు. కొంటానన్నవాడు భూమ్మీద ఒకే ఒక్కడు, యాప్రాల్‌లో ఉండే రిటైర్డ్ కల్నల్ గారు. కుర్ర ఆఫీసరుగా ఉన్నప్పుడు అలాంటి కారు ఒకసారి నడిపారట, ఆ సుఖం మరచిపోలేదట. జూన్ మూడో శనివారం వచ్చి, నడిపి చూసి, అడ్వాన్సు ఇస్తానన్నారు. ఇస్తే రాజు రెండో కారు మొదలుపెడతాడు. ఇవ్వకపోతే షెడ్డు మూసి, పాత ఆఫీసుకు వెళ్లి, పాత మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

సరిగ్గా ఆ వారమే లైట్ల చుట్టూ వేసే మెరుపు రింగుల కోసం రాజు పూణే వెళ్లాల్సి వచ్చింది. తాళం నా చేతికిచ్చాడు.

"శనివారం పొద్దుటికల్లా వచ్చేస్తా. నువ్వు మెత్తటి గుడ్డతో ఒకసారి తుడువు. ఇంకేం చేయొద్దు."

"నేనేం చేస్తాన్రా?"

"అదే నా భయం అక్కా."

శుక్రవారం బడి అయ్యాక గుడ్డ పట్టుకుని వెళ్లాను. వెలుతురు కోసం కారును షెడ్డు బయటికి తోయించి, తుడుస్తూ పైకి చూస్తే నల్లగా మబ్బు. కారులో కూర్చుని చూసినా అదే మబ్బు. అప్పుడు గానీ నేను గమనించలేదు, ఆ కారుకు కప్పు లేదు. కిటికీ అద్దాలు లేవు. తల పైన ఉన్నది ఆకాశం ఒక్కటే. లెక్కంతా చక్కగా చేసి, చివర రూపాయలో కిలోలో రాయకుండా కాగితం ఇచ్చేసే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. అలాంటివాడు ఒకడు మా ఇంట్లోనే పుట్టాడని ఆ రోజు తెలిసింది.

నేను తర్కం తప్పే మనిషిని కాను. ఈ కాలంలో పుట్టిన కారుకు కప్పు ఉంటుంది. ఇది ఈ కాలంలో పుట్టినట్టు చేసిన కారు. కావున దీనికి కప్పు ఉండాలి. ఏ మెట్టులో తప్పుందో ఇప్పటికీ ఎవరూ చూపించలేదు.

షెడ్డుకు ఎదురుగా యాదగిరి దుకాణం. ఆటోలకు టాపులు, సీట్లు కుడతాడు. పిలిచాను. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ముంగట రెండు చక్రాలున్నయేంది టీచరమ్మా?"

"ఇది కారు యాదగిరీ."

"కారా! గింత కిందికున్నదేందని పరేషానైన. టాపు కావాల్నా? చీకటి పడకముందే ఇస్త. వానొస్తే సుక్క లోపలికి రాదు, నాది గ్యారంటీ."

"ఏ రంగు వేస్తావు?"

"నల్ల రెక్జిన్ ఉన్నది. పసుపు మీద నలుపు మస్తుంటది. ఊరంత గదే నడుస్తున్నది కదా."

లోకం పోకడ తెలిసిన పనివాడని మెచ్చుకున్నాను. ఆ మాటకు అర్థం తట్టడానికి నాకు మర్నాటి దాకా పట్టింది.

"ఎనక ఏం రాయాలె? ఉత్తగ ఇడిస్తే మంచిగుండదు."

"ఏదైనా నీతి వాక్యం రాయి."

"'నిదానమే ప్రధానం' రాయనా?"

"బాగుంది. మా పిల్లలకు నేను రోజూ చెప్పేది అదే."

ఆ విధంగా సికింద్రాబాదులోకెల్లా వేగంగా పోవలసిన కారు వీపు మీద, తెల్ల పెయింటుతో, నిదానమే ప్రధానం. పక్కలకు ఎర్ర కుచ్చులు ఉచితంగా వేశాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగకపోయినా అక్క పెడుతుంది.

శనివారం రాజు రైలు ఆలస్యం. కల్నల్ గారు మాత్రం చెప్పిన వేళకు, స్కూటర్ సర్వీసింగుకు వెళ్తున్నానని ఇంట్లో భార్యకు చెప్పి, వచ్చేశారు. చెవులు మూసే తోలు టోపీ, సగం ముఖం కప్పే నల్ల కళ్లద్దాలు. నలభై ఏళ్లుగా ట్రంకు పెట్టెలో దాచుకున్నవట. కారును చాలాసేపు చూశారు.

"మేడం, నేను చూసిన డ్రాయింగ్‌ల ఇది లేదు."

"లేదండి. డ్రాయింగులో తప్పుంది. సరిచేశాను."

"తీసెయ్యొచ్చా?"

"ఊడదండి. గట్టిగా కుట్టించాను."

"నెత్తికి గాలి తగలాలనే కదా మేడం నేను ఈ కారు కొనేది!" అన్నారు, టోపీ పైకెత్తి చూపిస్తూ. గాలికి అడ్డొచ్చే వెంట్రుక ఆ నెత్తి మీద ఒక్కటి కూడా లేదు, ఇంకా ఏం తగలాలో నాకు అర్థం కాలేదు. అయినా పెద్దమనిషి, ఆశ చంపుకోలేక, కొంచెం నడిపి చూస్తానన్నారు. తడి గొడుగును మడిచి సంచిలో కుక్కినట్టు తనను తాను మడుచుకుని లోపలికి దూరారు. కంపెనీ తరఫున నేను పక్కన కూర్చున్నాను.

మొదటి మలుపులోనే సూట్‌కేసుతో ఒకాయన చెయ్యెత్తాడు. "అన్నా, జూబ్లీ బస్టాండ్ వస్తవా?"

కల్నల్ గారు ముందుకు పోనిచ్చారు. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి కారు ముక్కు మీద లాఠీతో టకటక కొట్టాడు.

"ఏయ్, సవారీ కోసం ఈడ ఆపుతున్నవా? స్టాండ్ల పెట్టుకో, జరుగు."

వందలమంది చేత సెల్యూట్ కొట్టించుకున్న మనిషి. మెల్లగా జరిగారు. పసుపు మీద నలుపు, ఊరంతా అదే నడుస్తున్నది, ఆటోలన్నిటి మీదా. అప్పుడు నాకు యాదగిరి మాట అర్థమైంది. ఆలోచిస్తే, యాదగిరి నాకు ఏదీ దాచలేదు.

యాప్రాల్ రోడ్డెక్కగానే, చెరో చేతిలో కూరగాయల సంచితో ఒకావిడ రోడ్డుకు అడ్డంగా వచ్చి నిలబడింది. బ్రేకు పడింది. బ్రేకులు మాత్రం రాజు అద్భుతంగా చేశాడు.

"యాప్రాల్ వస్తవా? మీటరు మీద పది అడిగితే ఇయ్య, ముందే చెప్తున్న. ఎప్పటిసంది నిలబడ్డనో తెల్సా? ఒక్క ఆటోడు రానంటడు." నా వైపు తిరిగింది. "షేరింగా అమ్మా? జెర జరుగు."

"షేరింగ్ కాదండి, ట్రయల్," అన్నాను. అబద్ధం ఆడలేను.

"ఏదైతేంది," అని సీట్ల వెనక సామాను పెట్టే అరలో సంచులతో సహా సర్దుకుంది. కల్నల్ గారి మెడ మీద చెమట పట్టింది. ఎందుకో నాకు తెలియలేదు. బండి కదిలింది. ఆవిడ చెప్పకముందే ఎడమకు తిరిగింది. ఆవిడ చెప్పకముందే ఒక గేటు ముందు ఆగింది.

"ఏయ్, మా ఇల్లు నీకెట్ల ఎరుక?"

ఆయన కళ్లద్దాలు తీశారు.

"మన ఇల్లే కదా సరోజా."

ఆవిడ సంచి ఒళ్లోకి లాక్కుంది. "స్కూటర్ సర్వీసింగ్ అన్నరు."

"అన్న."

"పెన్షన్‌ల ఇల్లు నడవట్లేదా? ఆటో తోలుతున్నరా?"

"ఆటో కాదు సరోజా. స్పోర్ట్స్ కార్. కొందామని..." ధర చెప్పారు. ఆ సొమ్ముకు అప్పట్లో యాప్రాల్‌లోనే ఇంటి స్థలం వచ్చేది. ఆవిడకు ఆ లెక్క నాకంటే ముందే తట్టింది.

"మరి ఈ టాపు ఎవరు పెట్టిన్రు?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను క్లాసులో పిల్లల్లాగా చెయ్యెత్తాను. తమ్ముడి షెడ్డుకు తాళం పడ్డ చప్పుడు నాకు అక్కడికే వినిపించింది.

"ఈ బండిల మంచిగున్నది గదొక్కటే," అంది ఆవిడ. "ఎండ తగల్లే. యాప్రాల్ రానని కొట్లాడలే. టాపు ఉంటే కొనుక్కోండ్రి. తీసిన్రంటే బండి వద్దు, మీరు సుత బయటనే ఉండుండ్రి."

కల్నల్ గారు ఆ కప్పు కేసి ఒకసారి, ఆవిడ కేసి ఒకసారి చూసి, చెక్కుబుక్కు తేవడానికి లోపలికి వెళ్లారు.

మేం షెడ్డుకు తిరిగి వచ్చేసరికి రాజు రింగుల డబ్బా పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. కుచ్చులు ముట్టుకున్నాడు. వెనక రాసింది చదివాడు. కల్నల్ గారు చెక్కు రాజు చేతిలో పెట్టి, స్కూటరెక్కి వెళ్లిపోయారు.

"అక్కా," అన్నాడు, "ఆయన కొన్నది కారా, ఆటోనా?"

"డబ్బు కారుకే ఇచ్చారు," అన్నాను.

వాడు నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆదివారం చర్చిలో కూడా వేరే బల్ల మీద కూర్చునేవాడు. తర్వాత ఒక సాయంత్రం ఇంటికి వచ్చాడు. కల్నల్ గారి భార్యకు స్నేహితురాలట, ఇంకో ఆఫీసరు భార్య, రెండో కారుకు అడ్వాన్సు పంపిందట.

"మంచిదే కదరా. ముఖం అలా పెట్టావేం?"

వాడు గోడ కేసి చూస్తూ అన్నాడు. "పసుపు రంగే కావాలట. అక్కా, యాదగిరి నల్ల రెక్జిన్ ఎక్కడ కొంటాడో అడిగి చెప్పు. కుచ్చులు కూడా."

ఆ రోజే బైబిలు మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసుకున్నాను. ఎండ కాసినా, వడగళ్లు పడినా, ఈ జన్మలో నేను ఇంకొకరి నెత్తి మీద కప్పు వేయించను. ఇప్పటికీ గొడుగు లేకుండా గడప దాటను గానీ, దాని కింద ఒక్కదాన్నే నడుస్తాను. పక్కన ఎవరు తడుస్తున్నా, ఏమో, వాళ్లకు తడవడమే ఇష్టమేమో అనుకుని ముందుకు పోతాను.