ఆ మాట అనకూడని పడవలో లంకకు

ఈ ప్రయాణం మా అమ్మాయి అడిగిన ఒక ప్రశ్నతో మొదలైంది.

జనవరిలో ఒక సాయంత్రం ఫోన్‌లో ఎవరో పెట్టిన ద్వీపాల విహారం వీడియో చూస్తున్నాను. నీలం సముద్రం, కొబ్బరిచెట్లు, తెల్లటి తెరచాప పడవ. గాలికి ఆ పడవ ఒక పక్కకు బాగా ఒరిగి పరుగెడుతోంది. నా భుజం మీదుగా చూస్తున్న సహస్ర, "అమ్మా, అది ఎందుకు పడిపోవట్లేదు?" అంది.

ఐదున్నరేళ్ళ పిల్ల. ఇంకో పిల్లయితే ఎక్కుదామని గోల చేసేది. అంతకు వారం ముందే వాళ్ళ యూకేజీ టీచర్ నన్ను పక్కకు పిలిచారు. "పాప జారుడుబల్ల ఎక్కదండీ. మూడు మెట్లు దిగాలన్నా ఎవరిదో ఒకరి చెయ్యి కావాలి. జూన్‌లో ఒకటో తరగతి, క్లాసు పై అంతస్తులో. ఇంట్లో ఎప్పుడైనా గట్టిగా పడిందా?" అని అడిగారు. పడలేదు. ఒక్కసారి కూడా పడలేదు. నేను పడనివ్వలేదు. నా భయం పిల్లకు అంటుకుందని ఆ రోజే తెలిసింది. ఎలా వదిలించాలో మాత్రం తెలియలేదు.

డిగ్రీలో నా పక్క బెంచీ స్వరూప ఇప్పుడు భద్రాచలానికి ఇవతలి ఒడ్డున సారపాకలో ఉంటోంది. వాళ్ళాయనకు అక్కడి మిల్లులో ఉద్యోగం. ఫోన్‌లో ఈ కథంతా చెప్పుకున్నాను.

"ద్వీపం కావాల్నా? గోదాట్ల లంక ఉంది గదనే. మా ఇంటికాడ్నుంచి గంట. తెరచాప పడవ గూడ ఉంది. ఎప్పుడొస్తున్నవో చెప్పు," అంది.

"నీళ్ళ మీదనా..."

"నువ్వు గట్లనే అంటవని తెల్సు. నిన్ను కాదు, పిల్లనడుగు."

అడిగాను. సహస్ర, "పడిపోకపోతే వస్తా," అంది.

మార్చి రెండో శనివారం ముహూర్తం. బ్యాంకులో ఆడిట్ ఉండటంతో మా ఆయనకు సెలవు దొరకలేదు. పిల్లతో ఒక్కదాన్నే ఊరు దాటడం నాకు ఇదే మొదలు. బ్యాగులో మూడు జతల బట్టలు, ఓఆర్ఎస్ పొట్లాలు, థర్మామీటరు, ఒక విజిల్, ఆన్‌లైన్లో తెప్పించిన నారింజరంగు లైఫ్ జాకెట్ సర్దాను. అత్తమ్మ అన్నీ చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఎవలన్న భద్రాచలం దాక పోయి రాముణ్ణి జూస్తరు. మీరేందే, లంకకు పోతమంటరు? సీతమ్మ గూడ కావాల్నని పోలే."

"దర్శనం ఆదివారం పొద్దున, అత్తమ్మా," అన్నాను. కానీ లంక అనగానే సహస్ర చెవులు నిక్కపొడుచుకున్నాయి. రావణాసురుడికి పది తలలుంటే ఏ మూతితో అన్నం తింటాడన్న చర్చ ఖానాపురం హవేలిలో షేర్ ఆటో ఎక్కిన దగ్గర్నుంచి ఖమ్మం బస్టాండు దాకా నడిచింది.

ఆరూ ఇరవైకి భద్రాచలం ఎక్స్‌ప్రెస్ కదిలింది. ఆడవాళ్ళకు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే ఇద్దరికీ జీరో టికెట్లు. జాకెట్ సరిపోతుందో లేదోనని ఇంట్లో తొడిగితే సహస్ర ఇక విప్పనివ్వలేదు. కండక్టరమ్మ దాన్ని కిందికీ పైకీ చూసి, "ఏందమ్మా, మా బస్సు మీద గింత గూడ నమ్మకం లేదా?" అంది. వెనక సీట్లవాళ్ళు కూడా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే అప్పటికి నేను కిటికీ దగ్గర రెండుసార్లు, సీటు మీద నిలబడినప్పుడు మూడుసార్లు "పడతావ్, పడతావ్" అనేశాను.

జూలూరుపాడులో ఒక ముసలమ్మ బుట్టతో ఎక్కి మా పక్కన కూర్చుంది. ఫోన్‌లో కోయ భాషలో గలగలా మాట్లాడి, పెట్టేసి, మాతో తెలుగులో "ఏడికి బిడ్డా?" అంది. లంకకు అని సహస్ర చెప్పింది. ఆమె బుట్ట మీది గుడ్డ తీసి అప్పుడే ఏరుకొచ్చిన ఇప్పపువ్వు ఒకటి ఇచ్చింది. పసుపు కలిసిన తెలుపు, చిన్న ద్రాక్షపండంత. సహస్ర దాన్ని నోటి దాకా తీసుకెళ్ళి నా ముఖంలోకి చూసింది. కడిగారో లేదోనని నేను ఆలోచిస్తున్నాను.

"తల్లిని జూడకు, పువ్వును జూడు," అంది ముసలమ్మ.

సహస్ర నోట్లో వేసుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. "బెల్లం!" అంది.

కొత్తగూడెంలో పది నిమిషాలు ఆగితే ఇడ్లీలు కట్టించుకున్నాం. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు పక్కలా మోదుగులు. ఆకు లేదు, చెట్టంతా పువ్వే. జాకెట్ రంగు, పువ్వు రంగు ఒకటేనని సహస్ర ప్రతి చెట్టుకూ చెప్పింది. తొమ్మిదీ నలభైకి సారపాకలో దిగాం. స్వరూప స్కూటీ మీద కాచుకుని ఉంది. ఇంట్లో బ్యాగు పెట్టి, తలా ఒక గ్లాసు మజ్జిగ తాగి, పదిన్నరకు రేవుకు చేరాం.

ఇంజను బోట్లు ఉన్నాయి. మేము మాట్లాడుకున్నది మాత్రం తారు పూసిన నల్లటి చెక్క నావ. పొడుగు ఇరవై అడుగులు ఉండొచ్చు. మధ్యలో వెదురు తడికల గూడు, గూట్లో గిన్నెలు, పరుపుచుట్ట, దేవుడి పటం. ఏడుకొండలు, సత్తెమ్మ అనే దంపతుల ఇల్లు అది. ధవళేశ్వరం వైపు వాళ్ళు. వరదలు తీశాక పైకొచ్చి, ఇసుక మీద గుడారాలు వేసుకుని చేపలు పట్టుకుంటారు. వానల ముందు మళ్ళీ కిందికి దిగిపోతారు. వాళ్ళ రెండేళ్ళ మంగ నడుముకు తాడు, తాడు రెండో కొస గూటి వెదురుకు. వీపున ఎండిన సొరకాయ బుర్ర! నీళ్ళలో జారినా బుర్ర తేలుస్తుందట. నేను దాన్నీ, మా జాకెట్‌నూ మార్చి మార్చి చూశాను.

"లంకలో రావణాసురుడు ఉన్నాడా?" అని సహస్ర ఏడుకొండల్ని అడిగింది.

"ఉన్నాడమ్మా. పది తలకాయలకీ పది జెల్ల చేపలు కావాలంటాడు. పట్టలేక చత్తన్నాం," అన్నాడాయన వెదురు గెడతో నావను ఒడ్డుకు ఆనిస్తూ.

ఎక్కేటప్పుడు నావ ఊగింది. నేను యథాప్రకారం, "సహస్రా, పడతావ్!" అన్నాను.

సత్తెమ్మ చేతిలో పని ఆపేసింది. నావ అడుగున ఊరిన నీళ్ళు చూపించి నా చేతికి ఒక సత్తు చెంబు ఇచ్చింది.

"మా నావలో ఆ మాటనకూడదండి. అన్నోళ్ళు పది చెంబులు నీళ్ళు తోడాల. మా అత్త పెట్టిన రూలు. మా ఆయన గూడా తోడతాడు."

"ఏ మాట?"

"ఇప్పుడు మీరన్నారే, అదే. నేనంటే నేనూ తోడాల."

నేను తమాషా అనుకున్నాను. కాదు. పదీ తోడేదాకా ఆమె నన్ను వదల్లేదు. నావ వాలులో తనంతట తానే సాగుతోంది. ఎడమ వైపు దూరంగా గుడి గోపురం, ఒడ్డున అడవి, నీళ్ళ మీద వెండిలాంటి మెరుపు. అంత అందంలో నేను చెంబు పట్టుకుని వంగి ఉన్నాను. సహస్ర అంచు మీద చెయ్యి వేస్తే ఒకసారి, కొంగను చూసి లేస్తే ఒకసారి నోరు జారాను. లంక వచ్చేసరికి ముప్పై చెంబులు పూర్తయ్యాయి.

"డిగ్రీ చదివినందుకు మంచి పని దొరికిందే నీకు," అంది స్వరూప పొట్ట పట్టుకుని నవ్వుతూ.

"రోజూ రండమ్మా. మాకు తోడే పని తప్పుద్ది," అన్నాడు ఏడుకొండలు.

లంక! ఫోన్‌లో చూసిన కొబ్బరిచెట్లు లేవు. చుట్టూ గోదావరి, నడుమ తెల్లటి ఇసుక, ఒక అంచున ఒండ్రు మట్టిలో పుచ్చతీగలు, ఐదారు గుడారాలు, గాలికి ఆరుతున్న వలలు. చెప్పులు విప్పగానే ఇసుక చల్లగా, మెత్తగా కాలి కింద జారింది. మంచినీళ్ళు ఎక్కడివని అడిగితే సత్తెమ్మ మోచేతి లోతున ఇసుక తవ్వింది. అడుగు నుంచి నీళ్ళు ఊరి, మట్టి కిందికి దిగి, తేటగా నిలిచాయి. చెలమ అంటే ఏమిటో పుస్తకంలో చదివాను గానీ తాగడం అదే మొదటిసారి. నా సీసాలో తెచ్చుకున్న నీళ్ళు అలాగే ఉండిపోయాయి.

సహస్ర తన చెలమ తాను తవ్వుకుంది. మంగ వచ్చి అందులో కూర్చుంది. దాన్ని తరుముతూ సహస్ర పరుగెత్తింది. పరుగెత్తిన పిల్ల, ఇసుకలో కాలు దిగబడి, బోర్లా పడింది.

సహస్ర లేవకుండా తల మాత్రం ఎత్తి నన్నే చూసింది. నేను భయపడితే ఏడవడానికి సిద్ధంగా ఉంది.

సత్తెమ్మ చేపలు తోముతూనే అంది: "లంకలో పడితే లెక్కలేదమ్మాయ్. నావలోనే లెక్క."

సహస్ర ఇసుకను అరచేత్తో తట్టి చూసింది. ముక్కు మీది ఇసుక తుడుచుకుంది. లేచింది. నాలుగడుగులు పరుగెత్తి, ఈసారి కావాలని పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. "అమ్మా, చూడు! వెనక్కి పడతా చూడు!" ఎన్నిసార్లు పడిందో నాకు లెక్క తప్పింది. ఆ నవ్వు నేను ఇంట్లో వినలేదు. చివరికి స్వరూప, నేను కూడా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెనక్కి పడ్డాం.

భోజనం జెల్లల పులుసు, అన్నం. మట్టికుండలో, మూడు రాళ్ళ పొయ్యి మీద వండింది. ముళ్ళు తీసి పెడుతుంటే సహస్ర "నేనే తీసుకుంటా," అంది. తరువాత తీగ మీంచి కోసిన పుచ్చకాయ. మీరు వెళితే టోపీ, పాత బట్టలు చాలు. థర్మామీటరు అక్కర్లేదు.

పులుసు తింటూ సత్తెమ్మను ఆ రూలు సంగతి అడిగాను.

"నీళ్ళ మీద బతికే పిల్లలండి. పడతావ్ అంటే పిల్ల మనకేసి చూత్తాది, చేతిలోది వదిలేత్తాది. పట్టుకో అంటే పట్టుకుంటాది. అంతే."

అంతే. ఐదున్నరేళ్ళుగా నేను రోజుకు ఎన్నిసార్లు ఏ మాట అన్నానో తలుచుకున్నాను.

తిరుగు ప్రయాణం ఎగువకు. దానికి సాయంత్రం కింది నుంచి వీచే పైరగాలి రావాలి. నాలుగు దాటింది, ఆకు కదల్లేదు. నాలో పాత భయం మొదలైంది: చీకటి పడితే? నావ కదలకపోతే? ఏడుకొండలు వేలు తడిపి గాలిలో పెట్టి, "ఒచ్చేత్తాదండి, దారిలో ఉంది," అని బీడీ ముట్టించాడు. నాలుగూ నలభై ఐదుకు పుచ్చాకులు కదిలాయి. తరువాత వలలు. తరువాత నా చున్నీ.

తెరచాప లేచింది. పాత ఫ్లెక్సీ ముక్కలు కుట్టి చేసినది. ఎవరిదో పుట్టినరోజు బ్యానరు, తలకిందులుగా ఉంది. సహస్ర మెడ వంచి, "శు... భా... అమ్మా, శుభాకాంక్షలు!" అని చదివేసింది. ఫట్‌మని గాలి నిండింది. నావ ఒక పక్కకు ఒరిగి ముందుకు దూకింది. వీడియోలో చూసినట్టే! నీళ్ళు నావ ముందు రెండుగా చీలి తెల్లగా పొంగాయి.

"ఇది పడిపోదా?" అంది సహస్ర.

"ఒరుగుద్ది. ఒరిగితే గాలి పట్టిందని. ఇంద, ఇది నీ పని," అని సత్తెమ్మ తెరచాప కొస తాడును మేకుకు రెండు చుట్లు తిప్పి, మిగిలిన కొస సహస్ర చేతికిచ్చింది. బరువంతా మేకు మీదే. అది పిల్లకు తెలియదు. అరికాళ్ళు చెక్కకు తన్ని, తాడు రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి కూర్చుంది.

మలుపులో పెద్ద గాలి కొట్టింది. అంచు నీళ్ళకు జానెడు దూరానికి వంగింది. గూట్లో గిన్నెలు దొర్లాయి. నీళ్ళు ముఖాన కొట్టాయి. సహస్ర కూర్చున్న చోటి నుంచి జరిగింది. నేను లేచాను.

"ప—"

ఏడుకొండలు నా వైపు చూశాడు. సత్తెమ్మ చూసింది. స్వరూప చెంబు ఎత్తి చూపించింది. సహస్ర కూడా తల తిప్పి నా నోటి వైపే చూస్తోంది, తాడు మీద వేళ్ళు వదులవుతున్నాయి.

"పట్టుకో!" అని అరిచాను.

"పట్టుకున్నా!" అని అరిచింది నా కూతురు. వేళ్ళు బిగిశాయి. నావ ఒరిగే ఉంది, పరుగెడుతూనే ఉంది. ఆ పిల్ల నా వైపు మళ్ళీ చూడలేదు. ముందుకు, నీళ్ళకేసి చూస్తూ కేకలు పెడుతోంది. రేవు వచ్చేదాకా నేను ఒక్క చెంబు తోడలేదు. ఏడుకొండలే తోడుకున్నాడు.

ఆ రాత్రి స్వరూప ఇంట్లో పడుకున్నాం. ఆదివారం పొద్దున్నే వంతెన దాటి భద్రాచలంలో అత్తమ్మకిచ్చిన మాట ప్రకారం దర్శనం చేసుకున్నాం. "లంక నుంచే వచ్చాం," అని సహస్ర రాముడితో చెప్పింది. తొమ్మిదింటి బస్సు ఎక్కాం. సీట్ల కింద మా చెప్పుల్లోంచి రాలిన గోదావరి ఇసుక. లైఫ్ జాకెట్ మాతో లేదు. రేవులో దిగేటప్పుడు సహస్ర దాన్ని మంగకు తొడిగింది. అది మోకాళ్ళ దాకా వచ్చింది. సత్తెమ్మ దానికి బదులు ఒక సొరబుర్ర ఇచ్చింది. ఇప్పుడది మా పిల్ల ఒళ్ళో ఉంది.

నీళ్ళు తగ్గి ఇసుక తేలే నెలల్లోనే ఆ లంక ఉంటుంది. వానలొస్తే గోదావరి దాన్ని తీసుకుపోతుంది. వెళ్ళాలనుకునేవాళ్ళు ఎండలు ముదరకముందే వెళ్ళండి, ఇంజను బోటు వద్దు, తెరచాపే ఎక్కండి, గాలి కోసం కాసేపు కూర్చోండి. దూరపు సముద్రాలు ఎలా ఉంటాయో నాకు తెలియదు. మా ఇంటికి నాలుగు గంటల్లో ఒక ద్వీపం ఉందని మాత్రం ఇప్పుడు తెలుసు.

పన్నెండుంబావుకు ఖమ్మం. బస్సు మెట్లు మూడు, ఆఖరిది ఎత్తు. నా ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో స్వరూప కట్టిచ్చిన సంచి, నోట్లో ఆ మాట. మింగేశాను. సహస్ర సొరబుర్రను చంకన పెట్టి, కడ్డీ పట్టుకుని, ఒకటి, రెండు, మూడు దిగి నేల మీద నిలబడింది. తరువాత వెనక్కి తిరిగి, పైన ఇంకా నిలబడే ఉన్న నా వైపు చూసి, గట్టిగా అంది:

"అమ్మా, పట్టుకో."