నౌపడ ఉప్పుగాలిలో సర్వర్ పాఠం

సర్వర్లు, అంటే ఒక సంస్థ రికార్డులన్నీ దాచే పెద్ద కంప్యూటర్లు, బిగించడం, నడపడం, పాడైతే బాగుచేయడం నేర్పడం నా ఉద్యోగం. విశాఖపట్నంలో ఏసీ హాల్లో, ఎవరికీ పనికిరాని పాత మిషన్లు విప్పించి మళ్ళీ బిగించేవాళ్ళం. ఏదైనా విరిగినా ఎవరికీ ఏమీ కాదు. అందుకేనేమో నేర్చుకునేవాళ్ళ ముఖాల్లో ఉత్సాహం ఉండేది కాదు, నా గొంతులోనూ ఉండేది కాదు. అలాంటి రోజుల్లో నౌపడ దగ్గర తీరం వైపున్న ఒక చిన్న క్రైస్తవ మిషన్ కంటి ఆసుపత్రి నుంచి మేనేజరు శామ్యూల్ గారు ఫోన్ చేశారు. "మాకు ఎవరో సర్వర్ విరాళమిచ్చారమ్మా. మీరొచ్చి బిగించి వెళ్ళిపోతే, పాడైన ప్రతిసారీ మళ్ళీ మీ కోసం చూడాలి. మా దగ్గర ట్రైనింగులో ఉన్న ఇద్దరికీ నేర్పెయ్యండి. బాగా చేస్తే వాళ్ళనే ఉద్యోగంలో ఉంచేసుకుంటాం" అన్నారు. నిజమైన మిషను, నిజమైన పని! ఆ రాత్రి బ్యాగు సర్దుతుంటే చిన్నప్పుడు విహారయాత్రకు బయల్దేరినట్టే అనిపించింది.

పొద్దున ఆరు దాటాక విశాఖలో పలాస వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. టిక్కెట్టు యాభై రూపాయల లోపే. విజయనగరంలో బండి సగం ఖాళీ అయి, ఆముదాలవలసలో మళ్ళీ నిండింది. తొమ్మిదిన్నర ప్రాంతంలో నౌపడ చేరుతుంటే కుడివైపు కిటికీలోంచి ఉప్పు మడులు కనిపించాయి. మడి మడికీ ఆకాశం ముక్క ఒకటి, గట్ల మీద తెల్లటి కుప్పలు. స్టేషను బయట ఎక్కిన ఆటో డ్రైవరు తవిటయ్య నా బరువైన బ్యాగు చూసి అడిగాడు.

"కళ్ళు సూపించుకోడానికేటమ్మా?"

"కాదు, కంప్యూటర్ల పని నేర్పడానికి."

"అయితే మా బావమరిది ఎర్రన్నకి నేర్పేది మీరేనా! ఆడికి గట్టిగా సెప్పండమ్మా. వేట మానేసి ఈ పని మీదే ఉన్నాడు. ఇదీ పోతే ఇంట్లో మొకం సూపించలేను అంటన్నాడు."

షేర్ ఆటో అయితే ఇరవైతో పోయేదే, నేనొక్కదాన్నే మాట్లాడుకున్నాను కాబట్టి నూటయాభై. దిగేటప్పుడు కూడా "గట్టిగా సెప్పండి" అని గుర్తుచేశాడు.

ఎర్రన్న చేపలవేట కుటుంబంలోంచి డిప్లొమా చదివిన మొదటి మనిషి. రెండో ఆమె ప్రసన్న, అదే ఆసుపత్రి నర్సు కూతురు. పాత కంప్యూటర్లోని రోగుల రికార్డులన్నీ ముందు రోజే ఇద్దరూ వేరే డిస్కులోకి కాపీ చేసి పెట్టారు. సాయంత్రం నాలుగింటికి ఓపీ మొదలయ్యేలోగా అవన్నీ కొత్త సర్వర్లోకి చేరాలి. స్టోరు రూములో నెలల తరబడి పడి ఉన్న ఆ సర్వర్‌ని ఇద్దరూ మోసుకొచ్చి రాక్ అనే ఇనుప చట్రంలో బిగించారు. వైర్లు సర్దారు. ప్రసన్న కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ప్రార్థన చేసుకుని స్విచ్ నొక్కింది. ఫ్యాన్లు హోరుమన్నాయి. అంతలోనే కీచుమని మోత, ముందువైపు నారింజ రంగు దీపం. తెర మీద ఏమీ లేదు.

శామ్యూల్ గారు పరుగున వచ్చారు. "మీరు చెయ్యండమ్మా, ఆపరేషన్ల వాళ్ళంతా ఇవాళే వస్తారు" అన్నారు. నా చేతులు నిజంగానే దురదపెట్టాయి. కానీ నేను చేస్తే వీళ్ళు ఇక ఎప్పటికీ నా కోసమే ఎదురుచూస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని "వాళ్ళే చేస్తారండీ" అన్నాను.

"పవర్ వస్తంది కదా, బోర్డే పోయిందేమో" అన్నాడు ఎర్రన్న నీరసంగా.

"పోయిందని ఎలా తెలుసు? అన్నీ తీసేద్దాం. ఒక్కోటే పెట్టి చూద్దాం" అంది ప్రసన్న.

పొద్దున రాగానే నేను వాళ్ళకి చెప్పింది అదే. అనుమానం వచ్చిన ప్రతిదాని వెంటా పరుగెత్తకుండా, పనిచేయడానికి కావలసిన కనీస భాగాలతో మొదలుపెట్టడం. మెమరీ పలకలన్నీ పీకేసి ఒక్కటి పెట్టారు. మళ్ళీ మోత. దాన్ని తీసి ఇంకోటి. మోత. ఎర్రన్న ఆ పలక అంచున వరసగా ఉన్న లోహపు పళ్ళని కిటికీ వెలుగులో తిప్పి చూస్తూ ఆగిపోయాడు. "ప్రసన్నా, ఈ పళ్ళు సూడు. మెరుపు లేదు. మా ఇంట్లో టార్చిలైటు కూడా ఇలాగే అయిపోద్ది, ఉప్పుగాలికి." ల్యాబు నుంచి ఆల్కహాలు, మెత్తని బట్ట తెచ్చి ఒక్కో పలకనీ తుడిచారు. ఈసారి స్విచ్ ఎర్రన్న నొక్కాడు. మోత లేదు. దీపం పచ్చగా మారింది, తెర మీద అక్షరాలు పరుగులు తీశాయి. ఎర్రన్న "వచ్చీసింది!" అని వేసిన కేకకి వార్డులోంచి నర్సులు తొంగిచూశారు.

రికార్డులు ఎక్కుతుంటే కూడా ఇద్దరూ తెర ముందు నుంచి కదల్లేదు. వంటమనిషి ఎస్తేరమ్మ గుమ్మంలో నిలబడి, "తినీసి సూసుకోండి, ఆ డబ్బాకి కాళ్ళేటైనా ఉన్నాయేటి పారిపోడానికి?" అని కసిరితే గాని లేవలేదు. వేడన్నం, చేపల పులుసు. అంత ఆకలితో నేను అన్నం తిని చాలా రోజులైంది.

ఓపీకి ముందు శామ్యూల్ గారు అసలు సందేహం బయటపెట్టారు. "మీరెళ్ళిపోయాక డిస్కు పోతే?" సర్వర్లో రెండు డిస్కులు ఉన్నాయి. ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ ఉంటుంది. ముందు రోజు కాపీ చేసిన బ్యాకప్ డిస్కు భద్రంగా ఉందో లేదో మరోసారి చూసుకుని, నడుస్తున్న మిషను నుంచి ఒక డిస్కు పీకమని ప్రసన్నకి చెప్పాను. ఆమె నా వైపు, శామ్యూల్ గారి వైపు చూసి, లాగేసింది. ఆయన "అయ్యో ప్రభువా" అన్నారు. ఎర్రన్న ఒక రోగి పేరు కొట్టాడు. రికార్డు వచ్చింది! నేను తెచ్చిన కొత్త డిస్కు పెట్టగానే దాని దీపం మిణుకుమిణుకుమంది, మొదటి డిస్కులోని రికార్డులన్నీ అది తనంతట తానే నింపుకోవడం మొదలెట్టింది. శామ్యూల్ గారు చాలాసేపు ఆ దీపాన్నే చూసి, ఇద్దరితో, "సోమవారం నుంచి ఉద్యోగులుగా రండి" అన్నారు. ప్రసన్న ముఖం చేతుల్లో దాచుకుంది.

నాలుగింటికి మొదట వచ్చింది ఎండుచేపలు అమ్ముకునే ఒక పెద్దామె. కంటికి పట్టీ. ఎర్రన్న ఆమె పేరు, ఊరు, ఏ కంటికి ఆపరేషనో చదివి వినిపించాడు. "ఒరే, అంతా ఇందులోనే ఉన్నాదేటిరా?" అని ఆమె తెర మీద చెయ్యి పెట్టి చూసింది.

పన్నెండేళ్ళుగా ఎంతోమందికి నేర్పాను. పరీక్ష పెట్టాను, మార్కులు వేశాను. నేర్చుకున్నారని మాత్రం నాకు నిజంగా తెలిసింది మూడు వారాల తర్వాత, ప్రసన్న ఫోన్ చేసినప్పుడు. డిస్కు ఒకటి నిజంగానే పోయిందట. నేను కంగారుగా ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే నవ్వింది. "మేడం, ఆ రోజు పీకిన డిస్కే పెట్టి మార్చేశాం కూడా. ఓపీ ఒక్క నిమిషం ఆగలేదు. అడగడానికి కాదు, చెప్పడానికి చేశాను." ఫోన్ పెట్టేశాక ఆఫీసు వరండాలో ఒక్కదాన్నే నవ్వుకుంటూ అటూ ఇటూ నడిచాను.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద ఆ వైపు వెళ్తే, అదనపు డిస్కులు, మెమరీ మీ బ్యాగులోనే పెట్టుకుని వెళ్ళండి. దగ్గరి పట్నం టెక్కలిలో మామూలు కంప్యూటరు సామాన్లు దొరుకుతాయి గాని, సర్వర్ భాగాల కోసం మాత్రం తిరిగి విశాఖ రావాల్సిందే.