గజ్జె కట్టిన డాక్టరు

2022. కరోనా హడావిడి సద్దుమణిగి, ఓపీ మళ్లీ తిరునాళ్లలా నిండుతున్న ఏడాది. పత్తికొండ వైపు ఒక ప్రభుత్వాసుపత్రిలో పిల్లల వార్డుకు నేను హెడ్ నర్సును. మాకున్నది ఒకే ఒక్క పిల్లల డాక్టరు. పేరు సుధాకర్ అనుకుందాం. మైదుకూరు మనిషి.

ఆయనకు చెక్కభజన అంటే పిచ్చి. డ్యూటీ దిగగానే పక్కపల్లెకు పోయి, కాళ్లకు గజ్జెలు కట్టుకొని, చేతిలో చెక్కలతో తాళం వేస్తూ రైతులతో కలిసి గుండ్రంగా తిరుగుతూ ఆడేవాడు. "డాక్టరై ఉండి ఆ గంతులేంది?" అని మావాళ్లు నవ్వేవారు. నవ్వుకోనీ! మర్నాడు రౌండ్స్‌లో చూడాలి ఆయన్ను. ప్రతి బిడ్డనూ పేరుపెట్టి పలకరించేవాడు, తల్లులు చెప్పేది చివరిదాకా వినేవాడు.

ఆ ఆటను చెడగొట్టింది జనం ప్రేమే. భజన దగ్గర డాక్టరు దొరుకుతాడని తెలిసి బిడ్డలను చంకనేసుకొని అక్కడికే రాసాగారు. "ఒక్క నిమిషం సార్" అంటూ ఆట మధ్యలోకి వచ్చేవారు. ఆయనేమో కాదనలేని మనిషి. కొన్నాళ్లకు పోవడమే మానేశాడు.

పోనీలే, విశ్రాంతైనా దొరికింది అనుకున్నాం. ఎక్కడ! మనిషి వాడిపోయాడు. తలెత్తకుండా మందులు రాయడం, కొంచెం కష్టమైన కేసయితే రిఫర్ చేయడం. రిఫర్ అంటే మా వల్ల కాదని కర్నూలు పెద్దాసుపత్రికి పంపేయడం.

ఒక మధ్యాహ్నం హుసేన్‌బీ అనే ఆమె మూడేళ్ల కూతురిని తెచ్చింది. వాంతులు, విరేచనాలు. బిడ్డ కళ్లు లోపలికి పోయాయి. డ్రిప్ పెట్టడానికి నరం దొరకలేదు. సార్ ఒకసారి ప్రయత్నించి, "రిఫర్" అని తన గదిలోకి పోయాడు.

"కర్నూలు పొయ్యేదాంక నా బిడ్డ ఉంటాదా సిస్టరమ్మా? ఈడ సూసేటోల్లే లేరా?" అని ఆమె నా చేయి పట్టుకుంది.

నాకు ఒళ్లు మండింది. గదిలోకి పోయి అడిగేశాను. "ఇంతకంటే కష్టమైన బిడ్డల్ని ఈడనే బతికించినారు గదా సార్. ఇప్పుడేమొచ్చింది?"

"నాతో కావడంలే సిస్టర్. ఈ నెలాఖరుకు మానేస్తాండా."

"మానేద్దురు గానీ, ముందు ఆ బిడ్డకు నరం పట్టండి!"

లేచాడు. చివరికి పాదం మీద నరం దొరికింది. సాయంత్రానికి ఆ పిల్ల నీళ్లడిగింది. హుసేన్‌బీ ఏడుస్తూనే నవ్వింది. సార్ ముఖంలో మాత్రం ఏమీ లేదు. "బిడ్డ బతికింది సిస్టర్, నాకేమీ అనిపించడంలే. దానికే భయమైతాంది" అన్నాడు.

ఆదివారం చర్చి అయిపోగానే భజన గురువు నరసింహప్ప ఇంటికి పోయి అంతా చెప్పాను.

"అట్లనా? అయితే కట్టుబాటు పెడతా. గజ్జె కట్టినంక ఆయప్ప డాక్టరు గాదు. ఆట నడమ రోగం మాటెత్తినోల్లు దండుగ కింద అందరికీ బొరుగులు పెట్టాల" అన్నాడాయన.

"ప్రాణం మీదికొస్తే?"

"అప్పుడు నేనే ఆట ఆపుతాలేమ్మా."

ఆ సాయంత్రమే ఆయన స్వయంగా వచ్చి సార్‌ను పిలుచుకుపోయాడు. ఊరుకోలేక నేనూ వెంటపోయాను. ఆట మొదలవగానే సార్ అడుగు తప్పాడు. "ఏమప్పా సుధాకరా, కాళ్లు యాడ పెడ్తాండావు? ఎనక్కి పో!" అని గురువు కసిరాడు. ఆసుపత్రిలో ఆయన్ను అలా అనే ధైర్యం ఎవరికుంది? సార్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! నాకు ఏడుపొచ్చింది.

ఒక్కరోజులో ఏమీ మారలేదు. కానీ నెలాఖరు వచ్చిపోయింది, ఆయన మాత్రం పోలేదు. వానలకు మళ్లీ అలాంటి కేసే వస్తే, నేనే భయపడి "పంపించేద్దామా సార్?" అన్నాను. "యాడికి? మనమేం జేస్తాండాం ఈడ?" అని నా మీద విరుచుకుపడ్డాడు. తిట్లు తిని అంత సంతోషపడింది నా సర్వీసులో అదొక్కసారే.

అలసిన డాక్టరుకు కాసేపు పడుకోమని చెప్పడమే అప్పటిదాకా మాకు తెలుసు. ఆయన్ను సార్ అనకుండా, ఏమీ అడగకుండా, తప్పు చేస్తే కసిరే చోటు కూడా ఒకటి కావాలని ఆ పిల్ల కేసు నేర్పింది. ఇప్పుడు కొత్త డాక్టరు ఎవరొచ్చినా క్వార్టర్స్ ఎట్లుందని అడగను. "సాయంత్రం ఏమాడతారు సార్?" అని అడుగుతాను.