పీడీ సారు మీద జానీబీ పగ

ప్రొద్దుటూరులో మా డిగ్రీ కాలేజీ గ్రౌండు గేటు పక్కన జానీబీ బొరుగుల బండి పెట్టి ఇరవై రెండేళ్లయింది. భర్త డ్రైవరు పనికని కువైట్ పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ఆమె విననట్టు ఉల్లిగడ్డలు తరుగుతుంది. ఆమెకు మనసంతా మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మీదే.

బండి దగ్గర నిలబడితే గోలుపోస్టు నాలుగు బారల దూరం. చూపు ఆట మీద, చెయ్యి కత్తి మీద. నేను ఆ కాలేజీలో చదివే రోజుల్లోనే ఆమె గేటు దగ్గర నుంచి "ఒరేయ్, ఎడమపక్క ఎవడూ లేడు సూడు!" అని కేకేస్తే బంతి అటే పోయేది. ఆడపిల్లగా బడి మొహం మూడో తరగతి దాకే చూసింది. ఆట మాత్రం ఏ పుస్తకం చదివినవాడికీ తీసిపోకుండా నేర్చుకుంది.

ఈ సంగతి జరిగిన ఏడు జట్టులో ఇద్దరు పిల్లలంటే ఆమెకు ప్రాణం. ఒకడు గోల్‌కీపర్ అన్సర్. రెండోవాడు కుళ్లాయప్ప. పెండ్లిమర్రి దగ్గర గొర్రెలు మేపుకునే ఇంటి పిల్లోడు, హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. ఎడమపక్క బంతి దొరికిందంటే వాణ్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

కాలేజీల పోటీల ఫైనల్ పులివెందులలో పెట్టారు. మాకూ జమ్మలమడుగు కాలేజీకీ. జానీబీ ఆ రోజు బండి మూసేసి, ముద్దనూరు మీదుగా బస్సులో పులివెందుల పోయింది. చదువు అయిపోయినా ఆట వదల్లేక నేనూ పోయాను. హాఫ్ టైమ్‌కి ముందే కుళ్లాయప్ప గోలు కొట్టాడు. గెలిచేశామనుకున్నాం.

హాఫ్ టైమ్ తర్వాత ఆటలు నేర్పే మా పీడీ రఘునాథ్ సారు కుళ్లాయప్పను పక్కన కూర్చోబెట్టాడు. మిగిలిన వాళ్లందర్నీ గోలు ముందు గోడ కట్టినట్టు నిలబెట్టాడు. ఉన్న ఒక్క గోలూ కాపాడుకుంటే చాలని ఆయన లెక్క. ముందు పరిగెత్తేవాడు లేడని తెలిసి జమ్మలమడుగు వాళ్లు వెనకున్న వాళ్లతో సహా మీదికొచ్చారు. రెండు గోల్స్ పడ్డాయి. ఓడిపోయాం.

ఆట అయ్యాక సారు జట్టునంతా బస్సు దగ్గర నిలబెట్టి కుళ్లాయప్ప మీద పడ్డాడు. "నువ్వు మొదట్లోనే ఇంకో గోలు కొట్టుంటే ఈ గతి పట్టేది కాదు. గొర్లు కాసేటోనికి బూట్లిస్తే ఇట్లనే ఉంటాది" అన్నాడు. ఆ పిల్లోడు వంగి బూట్లు విప్పసాగాడు.

జానీబీ ముందుకొచ్చింది. "ఆన్ని తీసేసింది నువ్వు గదా సార్? ఆడుంటే వాళ్ల వెనకోళ్లు ముందుకొచ్చేటోళ్లా?"

సారు ఆమెను కిందికీ మీదికీ చూశాడు. "బొరుగులు కలిపే ఆయమ్మ కూడా నాకు ఆట నేర్పిస్తాంది. పోమ్మా, పోయి కారం కలుపుకో పో." నలుగురు పిల్లలు నవ్వారు. సారుకు భయపడి నవ్వారో, నిజంగానే నవ్వొచ్చిందో గానీ, నవ్వారు.

తిరుగు బస్సులో ఆమె నా పక్కనే కూర్చుంది. ముద్దనూరు దాటాక, "ఈనికి బుద్ధి చెప్పకుండా ఇడిస్తే నా పేరు జానీబీ గాదు" అంది. నేను కోపంలో అన్న మాటే అనుకున్నాను.

కుళ్లాయప్ప వారం తిరక్కుండానే కాలేజీ మానేశాడు. బూట్లు తెచ్చి జానీబీ బండి కింద పెట్టి, "ఇంక నేను ఆడనత్తా" అని చెప్పి, తుమ్మలపల్లె యురేనియం గనిలో కాంట్రాక్టు పనికి పోయాడు. ఆమె పగ అప్పటి నుంచి గట్టిపడింది.

మొదట ఊరికి సారును పరిచయం చేసింది. బండి దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరికీ పులివెందుల ఆట పూసగుచ్చినట్టు చెప్పి, చివర్లో "ముడుచుకునే సారు" అనేది. నెల తిరిగేసరికి ఆ పేరు క్లాసు గోడలకెక్కింది. సారు ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు చేసి, బండి గేటు దగ్గర నుంచి తీయించాలని చూశాడు. అది ఆయన వల్ల కాలేదు. బండి దగ్గర చేరే మేమంతా సంతకాలు పెట్టి, పీడీని మార్చండని ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇచ్చాం. అదీ మా వల్ల కాలేదు.

అప్పుడు జానీబీ ఎవరికీ చెప్పకుండా జమ్మలమడుగు బస్సెక్కింది.

అక్కడి కాలేజీ జట్టుకు పీడీ సుమతి మేడం. తర్వాత ఒకసారి ఆమే నాకు ఇదంతా చెప్పింది. జానీబీ గ్రౌండులోకి నేరుగా నడిచొచ్చి, మట్టిలో వేలితో గీతలు గీసి, మా జట్టు మొత్తాన్ని ఆమె ముందు పరిచిందట.

"ముందు మా వాళ్లు గోలు కొట్టినా నువ్వు బయపడొద్దు మేడం. గోలొచ్చిందంటే మా సారు అందర్నీ ఎనక్కి పిలుసుకుంటాడు. ఆ సార్‌కు ఇంకోటి రాదు. అప్పుడు నీ పిల్లోళ్లనంతా మీదికి తోలు."

"ఇదంతా నాకెందుకు చెప్తాండావమ్మా? అది నీ ఊరి జట్టు గదా?"

"ఊరు నాదే. ఆ సారు నాకేమీ గాడు."

"ఓడిపోయేది పిల్లోళ్లు."

జానీబీ మట్టిలో గోలు గీత మీద వేలు పెట్టిందట. పెట్టి, ఇంకొక మాట చెప్పింది. అన్సర్ ఎడమచేతి వేలు విరిగి వంకరగా అతుక్కుంది. కిందుగా వచ్చే బంతికి ఆ పక్క దూకాలంటే వెనకాడతాడు. సారుకు తెలిస్తే జట్టులోంచి తీసేస్తాడని ఎవరికీ చెప్పలేదు. ఆ వేలికి పసుపు పెట్టి గుడ్డ కట్టింది జానీబీయే.

మరుసటి ఏడు ఫైనల్ మా గ్రౌండులోనే పెట్టారు. మళ్లీ జమ్మలమడుగే. ఊరు ఊరంతా కదిలొచ్చినట్టు గేటు దగ్గర కిక్కిరిసిపోయింది. పదో నిమిషంలో మాకు గోలొచ్చింది. రఘునాథ్ సారు లేచి రెండు చేతులూ ఊపాడు. మా వాళ్లంతా వెనక్కి వచ్చారు.

జానీబీ ఆ రోజు ఒక్క కేక కూడా వేయలేదు. కత్తి పక్కన పెట్టి, కొంగు నడుముకు బిగించి చూస్తూ నిలబడింది. జమ్మలమడుగు వాళ్లు మొదటి గోలు అన్సర్ ఎడమపక్క కిందుగా కొట్టారు. రెండోదీ అక్కడే. మూడోదీ అక్కడే.

గేటు దగ్గర ఎవరో మొదలుపెట్టారు, "ముడుచుకునే సారూ!" అని. గ్రౌండంతా అందుకుంది. సారు కుర్చీలోంచి లేవలేకపోయాడు. జనం మధ్యలోంచి జానీబీ పోయి ఆయన ముందు నిలబడింది. "పోయినేడు నేను అడిగిందానికి నువ్వు జవాబు చెప్పల్యా సార్. ఇప్పుడు ఊరంతా అడుగుతాంది, చెప్పు" అంది. ఆయన తల ఎత్తలేదు. ఆమె అక్కడే నిలబడి ఆ మొహాన్ని తనివితీరా చూసింది. నేను చూశాను, ఆమె కళ్లల్లో జాలి మచ్చుకైనా లేదు. నాకూ లేదు, అబద్ధమెందుకు.

వారంలో ఆయన్ని జట్టు పని నుంచి తప్పించారు. ఆ తర్వాత ఆయనే బదిలీ పెట్టుకుని పోయాడు.

ఆట అయిన రోజే, జనం పలచబడ్డాక, అన్సర్ బండి దగ్గరికొచ్చాడు. మోకాళ్లకు మట్టి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అత్తా, నా ఏలు సంగతి వాళ్లకెట్ల తెలిసింది?"

తెలియదని అనొచ్చు. ఆమె అనలేదు.

"నేనే చెప్పినా నాయనా. ఆ సారు పడాలంటే నాకు ఇంకో దోవ దొరకల్యా."

అన్సర్ ఆమె చుట్టిచ్చిన బొరుగుల పొట్లం బండి మీదే పెట్టేసి గేటు దాటి పోయాడు. చదువు అయిపోయేదాకా మళ్లీ ఆ బండి దగ్గర ఆగలేదు. రోజూ ఆ గేటులోంచే వచ్చాడు, ఆ గేటులోంచే పోయాడు.

ఆ ఆట అయిన తర్వాతి ఆదివారం జానీబీ తుమ్మలపల్లె పోయింది, నన్నూ తోడు తీసుకుపోయింది. షిఫ్టు దిగొచ్చిన కుళ్లాయప్ప టీ అంగడి బెంచీ మీద కూర్చుని ఆట సంగతి, ఆమె జమ్మలమడుగు పోయిన సంగతి అన్నీ వింటూ, "మూడా అత్తా? మూడూ ఆ సారు కండ్ల ముందరేనా? ఇంగోసారి చెప్పు" అని మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. తొడలు చరుచుకుంటూ నవ్వాడు. సారు ఎట్లా కూర్చున్నాడో జానీబీ తల వేలాడేసి చూపిస్తే, టీ అంగడిలో వాళ్లంతా నవ్వారు.

నవ్వు ఆగాక వాడు, "మన అన్సర్‌గాడు ఎట్లుండాడు?" అన్నాడు.

జానీబీ గ్లాసులో అడుగున మిగిలిన టీ పారబోసింది. "ఆడు నాతో మాట్లాడ్డంల్యా" అంది. "మాట్లాడకపాయె. ఆ బాధ నాకు లేదనను. అయినా ఆ సారు మళ్లీ ఆ కుర్చీలో కూసుంటే, మళ్లీ జమ్మలమడుగు బస్సెక్కుతా."

కుళ్లాయప్ప ఆమెకు ఇంకో టీ చెప్పాడు.