ఫుట్‌బాల్ జట్టుకి ఊదగడ్డి గుర్తు

2023లో నేను సింగపూర్‌లో, సెరంగూన్‌లోని ఒక ఎంబ్రాయిడరీ షాపులో పనిచేస్తున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పాత షాపింగ్ కాంప్లెక్సులో రెండో అంతస్తు, ఒక పక్క ట్యూషన్ సెంటర్, ఇంకో పక్క సెలూన్. స్కూలు బ్యాడ్జీలు, కంపెనీ టీషర్టుల మీద లోగోలు, భజన బృందాల జేబుల మీద ఓంకారాలు, అన్నీ మేమే కుడతాం. షాపు సరోజక్కది. ఆవిడ మలేషియాలో పుట్టిన తెలుగు మనిషి. వాళ్ళ ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోట పనికి ఓడెక్కి వచ్చారట. మెషీన్లు ఆవిడ చూసుకుంటుంది. నాది డిజిటైజింగ్. అంటే బొమ్మని కంప్యూటర్లో పెట్టి, సూది ఎక్కడ దిగాలి, దారం ఏ వాలుగా నడవాలి, ఎక్కడ తెగాలి అన్నది మెషీనుకి అర్థమయ్యేలా చెప్పడం. అదంతా కంప్యూటరే చేసేస్తుంది కదా అంటారు జనం. చేస్తుంది. సింహాన్ని ఇస్తే పిల్లిని చేసి పెడుతుంది.

ఈ పనిలో నోరు తెరిచే అవసరం పెద్దగా రాదు. ఇంట్లోనూ అంతే. మా ఆయన బ్యాంకు ఐటీలో ఉంటాడు, ఇంట్లో ఉన్నా చెవిలో మీటింగే. మా అమ్మాయికి నేనేదైనా చెప్పబోతే సగంలోనే "ఐ నో లా, అమ్మా" అని గదిలోకి పోతుంది. భీమవరం దగ్గర పల్లెటూళ్ళో వాగుడుకాయ అని పేరు పడ్డ దాన్ని, పుంగ్గోల్ ఫ్లాటులో రోజుకి పట్టుమని పది మాటలు మాట్లాడితే గొప్ప. నేను ఒంటరిదాన్నని ఎవరితోనూ అనలేదు గాని, ఉన్న మాట అదే.

వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం ఆ ముసలాయన వచ్చాడు. పొడుగ్గా, కొంచెం వంగి, ఆ ఉక్కలో మెడకి ఉన్ని మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. బురద రంగు, తెలుపు చారల మఫ్లరు. ఇటలీ మనిషి. ఓడల మరమ్మతు యార్డులో ఇంజనీరుగా చేసి రిటైరై, బూన్ లేలో ఒక్కడే ఉంటున్నాడు. పేరు ఎత్తోరే. కుర్చీలో కూర్చోకుండానే ఇంగ్లీషులో విషయం చెప్పేశాడు.

"నాకో పెద్ద బ్యానర్ కావాలి, మంచం దుప్పటంత. మధ్యలో వీడ్ కుట్టాలి. కింద సింగపూర్ అని రాయాలి."

వీడ్ అంటే ఈ ఊళ్ళో ఎవరికైనా గంజాయే. ఆ వ్యాపారం చేసినవాణ్ణి ఉరి తీసే దేశం ఇది. దాన్ని దుప్పటంత కుట్టి, కింద దేశం పేరు కూడా రాయమంటున్నాడు పెద్దమనిషి! సరోజక్క మెషీను ఆపేసి నా చెవి దగ్గరికొచ్చింది.

"ఏటమ్మా పద్మా ఈ తాత? గంజాయి బొమ్మ అంటన్నాడు. వద్దు, పంపించెయ్. పోలీసొస్తే కడై మూసుకోవాల."

తోటల్లో పుట్టినవాళ్ళు షాపుని కడై అంటారు. ఆవిడ భయం నాకూ పట్టుకుంది. "సారీ అంకుల్, ఇలాంటివి మేం కుట్టం" అన్నాను.

"అది కాదు లా!" అన్నాడు ఆయన. ముప్పై ఏళ్ళకి పైగా ఇక్కడ ఉన్నవాడు, ఈ ఊరివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే ఆ లా ఎలా రాకుండా ఉంటుంది. "ఇప్పటికి ఎన్ని షాపులు తిరిగానో తెలుసా? ఒకాయన తోసినంత పని చేశాడు. ఒకామె నా ఫోటో తీసుకుంది. ఇది పొలంలో మొక్క. వరిలో వచ్చే పాడు మొక్క, దాన్నీ ఇంగ్లీషులో వీడ్ అనే అంటారు. మా భాషలో జవోనే."

మఫ్లరు విప్పి బల్ల మీద పరిచాడు. చివర రంగు వెలిసిన బ్యాడ్జి ఉంది. కవచం ఆకారం, మధ్యలో ఒక గడ్డి మొక్క. భూతద్దం పెట్టి చూశాను. మొదట వరి వెన్నే అనుకున్నాను. కాని కొమ్మలు విడివిడిగా ఉన్నాయి, గింజ దగ్గర ఎరుపు తిరిగి ఉంది, కాడ నిగడదన్ని నిలబడి ఉంది.

"ఇది వరి కాదక్కా" అన్నాను తెలుగులోనే. "ఊద!"

"ఊదంటే ఏటి?" అంది సరోజక్క. రబ్బరు చెట్ల మధ్య పెరిగిన మనిషికి ఊద సంగతి ఎలా తెలుస్తుంది?

ఎత్తోరే మాత్రం నా నోటి వైపే చూస్తున్నాడు. "ఏమన్నావు? ఊదా? మీ దగ్గర కూడా ఉందా ఇది?"

"వరి ఉన్న చోటల్లా ఉంటుంది అంకుల్. చిన్నప్పుడు అచ్చం వరిలాగే ఉండి మోసం చేస్తుంది."

అప్పుడు కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాకు కూడా ఏదోలా అయింది. ఆ మాట నేను పైకి అని ఎన్నేళ్ళయిందో. చిన్నప్పుడు కలుపు తీసేవాళ్ళ వెంట చేలోకి దిగి నేనూ పీకుతానని పేచీ పెట్టేదాన్ని. మంగమ్మ అని ఒకావిడ నా గుప్పిట్లో మొక్కలు చూసి "అమ్మాయిగారూ, మళ్ళీ వరి పీకేశారండీ!" అని తల పట్టుకునేది.

ఆయన ఊరు బొర్గమెల్లో. ఉత్తర ఇటలీలో వరి పండే చిన్న ఊరు. మా వైపులాగే కాలవలు, గట్లు, కప్పల గోల. ఆ మఫ్లరు వాళ్ళ ఊరి జట్టుది. మిల్లు కూలీలు, పొలం కూలీలు కలిసి ఆ ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. మైదానం పక్కనే కాలవ. బంతి నీళ్ళలో పడితే తీయడానికి పొడవాటి కర్రకి వల కట్టుకుని ఒక మనిషి ఎప్పుడూ నిలబడి ఉంటాడట. పక్క పట్నం జట్టు ఆడటానికి వచ్చినప్పుడు వాళ్ళ జనం వీళ్ళని చూసి "జవోనే! జవోనే!" అని అరిచేవారు. అంటే కలుపు మొక్కల్లారా అని. వీళ్ళు ఆ తిట్టునే తీసుకెళ్ళి చొక్కా మీద గుర్తుగా కుట్టించుకున్నారు.

"మా అమ్మ మోకాలి లోతు నీళ్ళలో వంగి రోజంతా అదే పీకేది" అన్నాడు. "వరి గట్టు మీద నిలబడ్డ వాళ్ళది. జవోనే మాది."

మా నాయనమ్మ గట్టు మీద నిలబడే మనిషి. ఆ సంగతి నేను ఆయనకి చెప్పలేదు.

తరవాత జట్టు దివాలా తీసింది. పేరు మార్చుకుని మళ్ళీ పుట్టింది, మళ్ళీ మునిగింది. ఆటగాళ్ళు మారారు, పేరు మారింది, డివిజన్లు పడిపోయింది. మారనిది ఆ గడ్డి మొక్కొక్కటే. ఇప్పుడు కొత్తగా కొనుక్కున్న కంపెనీవాళ్ళు దాన్ని కూడా తీసేసి, బంగారు రంగు వరి వెన్ను పెట్టారు. కలుపు మొక్క ఏం గుర్తండీ, చూసేవాళ్ళు నవ్వరా అన్నారట. దాంతో ఊళ్ళో ఉన్నవాళ్ళవీ, వలస పోయినవాళ్ళవీ అభిమాన సంఘాలన్నీ ఒక మాట అనుకున్నాయి. సొంత మైదానంలో మొదటి ఆట రోజున ప్రతి సంఘమూ పాత గుర్తుతో బ్యానర్ కట్టాలి. ఆ రోజు బ్యానర్ కట్టని సంఘాన్ని ఇక లేనట్టే లెక్కేసి, పేరు తీసేస్తారు.

"మరి సింగపూర్ సంఘంలో ఎంతమంది అంకుల్?"

"ఇద్దరం. నేనూ, పీనో. ఒకే వీధి పిల్లలం, ఒకే యార్డులో పని. పీనో పోయిన ఏడాది పోయాడు. పాత బ్యానర్ వాడింట్లోనే ఉండేది. వాడి పిల్లలు ఫ్లాటు ఖాళీ చేస్తూ పాత గుడ్డ అనుకుని పారేశారు." మఫ్లరు చివర బ్యాడ్జి మీద వేలు పెట్టి అన్నాడు. "ఇది లేకపోతే ఆ ఊరికి నేను ఎవర్నీ కాదు."

ఆయన మేనకోడలు సెలవులకి ఇక్కడికి వచ్చి ఉంది. శుక్రవారం తిరుగు ప్రయాణం. ఆ లోపల బ్యానర్ ఆమె చేతిలో పడాలి.

బ్యాడ్జి మరీ వెలిసిపోయింది, దుప్పటంత పెద్దది చేస్తే మచ్చలు తప్ప ఏమీ మిగలదు. అసలు మొక్క ఫోటో పంపమని ఊళ్ళో ఉన్న మా అన్నయ్యకి ఫోన్ చేశాను. పగలబడి నవ్వాడు. "ఇక్కడ వరెక్కడుందే? అంతా రొయ్యల చెరువులైపోయి ఎన్నాళ్ళయ్యింది! ఊద కావాలంట ఊద. నీకేమైనా మతిపోయిందేంటే?" ఇంటర్నెట్‌లో దొరికినవన్నీ పరిశోధన కేంద్రాల ఫోటోలు. వాటిని చూసి ఎత్తోరే పెదవి విరిచాడు, నేనూ విరిచాను. చివరికి ఆయన జ్ఞాపకం, నా జ్ఞాపకం పక్కపక్కన పెట్టుకుని మొదలుపెట్టాం.

పేచీలు బాగానే పడ్డాం. నేను కంకిని కొంచెం వాల్చి గీశాను. "వంగకూడదు. వంగేది వరి" అన్నాడు. ఆయన ఆకులు వెడల్పు చేయమన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఆకు మధ్య తెల్లటి ఈనె దగ్గర మాత్రం ఇద్దరం ఒకేసారి స్క్రీను మీద వేలు పెట్టాం. కాడకి శాటిన్ కుట్టు వాడాను, అంటే దారాన్ని దగ్గర దగ్గరగా అడ్డంగా పరిచే కుట్టు, మెరుస్తుంది. గింజలకి మాత్రం మెరుపు వద్దన్నాడు. బొమ్మ గీసిన ఆ రెండు రోజులూ, ఈ దేశం వచ్చాక ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడాను. ఇంటికి వెళ్ళేసరికి గొంతు బొంగురుపోయింది. మా ఆయన చెవిలోంచి మీటింగు తీసి "జలుబు చేసిందా?" అని అడిగాడు.

బిల్లు రాసేటప్పుడు సరోజక్కకి మళ్ళీ భయం పట్టుకుంది. వీడ్ అని రాయదు. గ్రాస్ అన్నా గంజాయే అంటారు. వరి అని రాద్దామంటే ముసలాయన చచ్చినా ఒప్పుకోడు. ఆఖరికి ప్లాంట్ అని రాసి, మడత పెట్టిన బ్యానర్ సంచీలో పెడుతూ "ఎయిర్‌పోర్టులో అడిగితే నా పేరు చెప్పొద్దని ఆ పిల్లకి చెప్పమ్మా" అంది. అంతా చేసి, ఏ కుట్టూ ఊడకూడదని అంచు చుట్టూ రెండోసారి కుట్టింది కూడా ఆవిడే.

ఆట అయిపోయాక ఎత్తోరే మళ్ళీ వచ్చాడు. షాపులో గిరాకీ ఉంది. తన వంతు వచ్చేదాకా నిలబడి, ఫోన్ నా చేతికిచ్చాడు. మేనకోడలు పంపిన ఫోటో. మైదానంలో మెట్ల వరస, కింద ఇనుప కంచె, కంచె పొడుగూతా బ్యానర్లు. ప్రతిదాని మీదా ఊదే. ప్రతి బ్యానర్ వెనకా మెట్ల మీద జనం కిక్కిరిసి చేతులెత్తి అరుస్తున్నారు. కాలవ వైపు చివరన మాది ఉంది. నా కుట్టు నిటారుగా నిలబడి ఉంది. దాని వెనక మెట్లు మాత్రం ఖాళీ. ఒక్క మనిషి లేడు.

ఆ ఖాళీ మెట్ల మాట ఎత్తకుండా "ఆట గెలిచారా?" అన్నాను.

"ఓడారు. చొక్కాల మీద ఇంకా ఆ వరే ఉంది" అన్నాడు. ఆ సంగతి పట్టించుకున్నట్టే లేదు. వేలితో ఫోటోని పెద్దది చేశాడు. "ఇటు చూడు. ఈ పక్క మెట్ల మీద ఎంత ఇరుక్కుని నిలబడ్డారో చూశావా? ఆ లావుపాటి వాడికి ఒక కాలు మోపడానికే చోటుంది. అయినా ఇటు జరగలేదు."

"ఎందుకని?"

"ఒకరి బ్యానర్ వెనక ఇంకొకరు నిలబడరు. అది మా చోటు. నాదీ, పీనోదీ."

ఆయన మొహం వెలిగిపోతోంది. నేను జాలిపడుతున్న చోటనే ఆయనకి ఇల్లు కనిపిస్తోంది. ఫోటో ప్రింటు తీసివ్వమన్నాడు. తీసిచ్చాను. వానకి తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని, సరోజక్కకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. ఎవరైనా వంకర బొమ్మ, వింత గుర్తు తెస్తే, సరిచేసే ముందు అది ఎందుకలా ఉందని అడుగుతున్నాను. చాలామంది తెలియదంటారు. కొందరు కూర్చుని చెబుతారు. అదొకటి. రెండోది పనికి సంబంధించింది కాదు. చుట్టూ మనుషులుంటే ఒంటరితనం ఉండదని అనుకునేదాన్ని నేను. మనం లేకపోయినా మన చోటు ఖాళీగా ఉంచి, పక్కన ఇరుక్కుని నిలబడేవాళ్ళు కొందరు ఉండాలని ఆ ముసలాయన్ని చూశాక తెలిసింది. ఆ ఫోటో చూసిన సాయంత్రం పుంగ్గోల్ ట్రైన్‌లో నిలబడి నాకలాంటి చోటు ఎక్కడుందా అని వెతుక్కున్నాను. మా ఊరు, మా అన్నయ్య ఇల్లు, మా ఫ్లాటు, ఒక్కొక్కటే తలుచుకున్నాను. దిగాల్సిన స్టేషన్ వచ్చేసింది. ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను.