బంతిపూల కింద మేకులు

ఖాకీ కొత్తగా తొడిగిన ఆ రోజుల్లో నాకున్నంత జ్ఞానం తర్వాత ఎన్నడూ లేదు. తెలంగాణ వచ్చిన తొలి సంవత్సరాలు, ప్రొబేషన్ ఇంకా పూర్తికాని కానిస్టేబులు ఉద్యోగం, రోజుకు రెండుసార్లు ఇస్త్రీ చేసుకునే చొక్కా, మీసం సరిగ్గా రాకపోయినా దాన్ని దువ్వుకోవడానికి జేబులో ఒక దువ్వెన. నకిరేకల్ దాటాక హైవే మీద ఎక్కడో మా ఠాణా (పేరు చెప్పను; అక్కడివాళ్లు నన్ను చూస్తే ఇప్పటికీ బంతిపూల ధర అడుగుతారు). నేను లేకపోతే ఆ హైవే ఏమైపోయేదో అని నాకు నిజంగానే బెంగగా ఉండేది. నేను ఉండడం వల్లనే దానికి ప్రమాదం అని తెలియడానికి ఒక దసరా పండుగ పట్టింది.

ఠాణాకు రెండు కిలోమీటర్ల అవతల, అదే రోడ్డు పక్కన మా బాపు పంచర్ దుకాణం. రేకుల కప్పు, ఒక జాకీ, ఒక నీళ్ల తొట్టి. నన్ను చదివించింది, మా అక్క పెళ్లి చేసింది ఆ తొట్టే. హైవే మీద పంచర్ దుకాణం పెట్టుకున్నవాడిని ఒక నింద వెన్నంటి ఉంటుంది: దగ్గర్లో ఏ టైరు దిగినా "వీడే మేకులు చల్లి ఉంటాడు" అంటారు. నా చిన్నప్పుడు ఒక లారీ డ్రైవరు నలుగురిలో బాపు కాలరు పట్టుకుని ఆ మాట అన్నాడట. మర్నాటి నుంచి బాపు పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని సైకిలు వెనక తాడుతో కట్టి, పొద్దున్నే దుకాణానికి అటు కొంత దూరం, ఇటు కొంత దూరం ఈడ్చుకుంటూ తిరిగేవాడు. దానికి అంటుకున్న మేకులూ తీగముక్కలూ ఒక పాలపొడి డబ్బాలో వేసేవాడు. జ్వరం వచ్చినా మానలేదు. "మేకులు సల్లినోడు అనిపించుకుంట ఒక్క పంచర్ ఏసినా, ఆ అన్నం నోట్లెకు పోదు బిడ్డా" అనేవాడు. అలాంటి మనిషి కొడుక్కి సర్కారు అప్పగించిన మొదటి పెద్ద పని రోడ్డు మీద మేకులు పరచడం.

సంగతేమిటంటే, పారిపోయే బండిని ఆపడానికి అప్పటిదాకా మాకు తెలిసినవి రెండే పద్ధతులు. ఒకటి ప్రాణాలకు తెగించి వెంటపడడం, రెండోది ఇసుక డ్రమ్ములు అడ్డం పెట్టి దేవుడికి దండం పెట్టుకోవడం. వెంటపడినప్పుడల్లా దొంగబండి కన్నా మా జీపే ఎక్కువగా వరిమళ్లలోకి దిగేది. అందుకని ఒక మేకుల పట్టీ పంపారు. మడిస్తే సంచిలో పడుతుంది, విసిరితే దుకాణాల ముందుండే సాగుడు ఇనుప గేటులా రోడ్డుకు అడ్డంగా పరుచుకుంటుంది. దాని ఒక్కో మేకు లోపల గొట్టంలా బోలు ఉంటుంది. అవి టైరులో గుచ్చుకుని, పట్టీ నుంచి ఊడి అక్కడే ఉండిపోతాయి. బోలులోంచి గాలి మెల్లగా పోతుంది. టైరు పేలదు, బండి పల్టీ కొట్టదు, లోపలివాడికి గీత పడదు. ఒకటి రెండు కిలోమీటర్లు పోయి తనంతట తనే కూలబడుతుంది. దొంగబండి దాటగానే తాడు పట్టి పట్టీని పక్కకు లాగేయాలి, లేకపోతే వెనక వచ్చే మన జీపుకూ అదే గతి. ఒక్కరోజు శిక్షణకు నన్నే పంపారు కాబట్టి ("పోరగాడు, మంచిగ ఉరుకుతడు" అన్నది నా అర్హత) ఆ పట్టీకి బాధ్యుణ్ని నేనే.

గొప్పకు పోయి విడి మేకు ఒకటి ఇంటికి తెచ్చి బాపుకు చూపించాను.

"గీ మేకుకు నడుమ బొక్క ఎందుకు బిడ్డా?"

"గాలి మెల్లగ పోవాలె బాపు. లోపలోడు సావొద్దు గద."

"దొంగోని గాలి తీసుడు గూడ గింత మర్యాదతోని తీస్తరా మీరు?" అని చాలాసేపు నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "జర పైలం బిడ్డా. పంచర్లు ఏసెటోని కొడుకు రోడ్డు మీద మేకులు పరుస్తుండంటే మంది ఏమంటరో ఎరుకే గద."

ఎరుకే అన్నాను. వారం తిరక్కుండా దసరా వచ్చింది.

మా హెడ్ కానిస్టేబులును వెనకాల అందరం 'ముహూర్తాల హెడ్డు' అనేవాళ్లం. లాకప్పు తాళం తీయాలన్నా క్యాలెండరు చూసే మనిషి. ఆయుధ పూజ అంతా ఆయన చేతుల మీదే. తుపాకులు, లాఠీలు, వైర్‌లెస్ సెట్టు, జీపు, ఎస్సై సారు బండి, గస్తీ మోటారు సైకిలు అన్నీ కడిగి బొట్లు పెట్టాడు. పట్టీకి సంచి మీదనే బొట్టు పెడదామన్నాను నేను. "కొత్త ఆయుధమాయె, మొఖం సూడకుంట పూజ ఎట్లయితది? పరువ్" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఎవరైనా పరవమంటారేమోనని నేను వారం నుంచీ ఎదురుచూస్తున్నాను. గేటు దగ్గర నిలబడి ఒక్క విసురు విసిరాను. సర్రున ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా పరుచుకుంది. ఎస్సై సారు "శభాష్" అన్నారు. నేను దువ్వెన తీసి మీసం దువ్వుకున్నాను. దండ గుచ్చడానికి దారం చాలలేదని హెడ్డు కాసేపు ఆలోచించి, ఒక్కో మేకుకు ఒక్కో బంతిపువ్వు గుచ్చాడు. పది నిమిషాల్లో మేకు అన్నది కనిపించకుండా పోయింది. ఎవరో బతుకమ్మను పేర్చి గేటుకు అడ్డంగా పడుకోబెట్టినట్టుంది.

మన దగ్గర బండి పూజ అంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటిని తొక్కించి బండిని ముందుకు పోనిస్తేనే పూర్తయినట్టు. సారు కొబ్బరికాయ కొట్టారు. హెడ్డు హారతి వెలిగించాడు. తాడు నా చేతిలోనే ఉంది. బండి కదిలేలోపు లాగేయాలన్నదీ గుర్తుంది. సరిగ్గా అప్పుడే హారతి పళ్లెం నా ముందుకు వచ్చింది. హారతి ఒంటిచేత్తో ఎలా అద్దుకుంటాం? తాడు వదిలేసి, రెండు చేతులా కళ్లకద్దుకుని, కళ్లు మూసుకుని, ప్రొబేషన్ గట్టెక్కించమని అమ్మవారికి కాస్త పొడుగ్గానే మొక్కుకున్నాను. జీపు కదిలిన చప్పుడైంది. టప్, టప్, టప్. "నిమ్మకాయలు పగిలినయి, శుభం" అన్నాడు హెడ్డు. సారు బండి కదిలింది. టప్, టప్. "శుభం." మోటారు సైకిలు. టప్. "శుభం."

కళ్లు తెరిచేసరికి మూడు బండ్లూ హైవే ఎక్కి ఊరేగింపు బందోబస్తుకు పోతున్నాయి. పట్టీ మీద చాలాచోట్ల పూలు లేవు. పూల కింద ఉండాల్సిన మేకులూ లేవు. అరవాలి. నోరు తెరిచాను కూడా. కానీ అరిస్తే తాడు ఎందుకు వదిలావని అడుగుతారు. పక్కనే వైర్‌లెస్ సెట్టు నిండా బొట్లు పెట్టుకుని కూర్చుని ఉంది. దాని వైపు చూడనేలేదు. నేనే హెడ్డు స్కూటరు తీసి, "ఏమైందిరా" అంటున్న హెడ్డునే వెనక కూర్చోబెట్టుకుని (హారతి పళ్లెం ఇంకా ఆయన చేతిలోనే ఉంది) వాళ్ల వెంటపడ్డాను. మా ఠాణా చరిత్రలో పోలీసులు పోలీసులను తరమడం అదే మొదలు.

శిక్షణ ఇచ్చిన సారు బోర్డు మీద వేసిన లెక్క ఇసుమంత కూడా తప్పలేదు. రెండు కిలోమీటర్లు. మూడు బండ్లూ వరసగా మా బాపు దుకాణం ముందే కూలబడి ఉన్నాయి. పండుగ చొక్కా చేతులు మడిచి బాపు అప్పటికే జాకీ ఎక్కిస్తున్నాడు. జనం పోగయ్యారు. "ఒక్కపారే మూడు బండ్లా? అవి గూడ పోలీసోళ్లయా?" అని ఎవరో నవ్వారు. ఆ నవ్వు విని ఎస్సై సారు దుకాణం నలుమూలలా చూశారు. గూట్లో ఉన్న పాలపొడి డబ్బా మూత తీశారు. నిండా మేకులు.

"గిదేందయ్యా?"

"రోడ్డు మీద ఏరినయి సార్."

"ఏరినయా, సల్లేటియా?"

లారీ డ్రైవరు కాలరు పట్టుకున్ననాడు బాపు ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. ఆ రోజు చూశాను. ఆయన వంగి, పట్టకారుతో జీపు టైరులోంచి మేకు లాగాడు. దానికి పసుపుపచ్చని పూరేక ఒకటి ఇంకా అంటుకుని ఉంది. పైకెత్తి వెలుతురులో దాని బొక్కలోంచి చూశాడు. అవతలి పక్క సరిగ్గా నేను నిలబడి ఉన్నాను. మేకును మెల్లగా చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నాదే తప్పు సార్. పండుగ పూటని పొద్దుగాల రోడ్డు సాఫ్ జెయ్యలే. ఆ డబ్బాలయే పడ్డట్టున్నయి. ఏం జేస్తరో జేయిన్రి."

ఆ పొద్దున కూడా ఆయన అయస్కాంతం ఈడ్చాడు. ఠాణాకు పోతుంటే నాకు ఎదురయ్యాడు. ఇన్నేళ్లు కాపాడుకున్న పేరును ఒక్క మాటలో తీసి రోడ్డు మీద పెట్టేశాడు, నా కోసం. "జీపుల ఎక్కియ్యిన్రి గీయనను!" అన్నారు సారు (గాలి ఉన్న జీపు లేదని ఆయనకు కాస్త ఆలస్యంగా తోచింది). ముందు గాలి నింపమన్నారు. బాపు మొదటి ట్యూబును తొట్టిలో ముంచాడు. బుడగలు వచ్చాయి. నేను మాట్లాడలేదు. రెండో ట్యూబు ముంచాడు. అప్పుడు నా గొంతులోంచి ఏదో వచ్చింది.

"సార్, గవి బాపు మేకులు గావు. మనయే. తాడు ఇడిసింది నేను."

హెడ్డు పళ్లెం కింద పెట్టి, "పూలు గుచ్చింది నేను సార్" అన్నాడు. ఇంకాసేపు ఆగి, "కొబ్బరికాయ కొట్టింది మీరు సార్" అని కూడా అన్నాడు. సారు చాలాసేపు ఆకాశంలోకి చూశారు. దసరా నాడు కనిపిస్తే శుభమనే పాలపిట్ట కోసమైతే కాదు.

"ఏ బండన్న పల్టీ కొట్టిందా?" అన్నారు చివరికి.

"లేదు సార్."

"ఎవలికన్న దెబ్బ తాకిందా?"

"లేదు సార్. శిక్షణల జెప్పినట్టే మెల్లగ ఆగినయి."

"అయితే రాసుకో. మూడు బండ్ల మీద పరీక్ష జేసినం. మంచిగ పనిజేస్తాంది." తర్వాత పాలపొడి డబ్బాకు తనే మూత పెట్టి, గూట్లో ఉన్నచోటే ఉంచి, జనం అందరూ వినేలా అన్నారు: "జర మాఫ్ జెయ్యి పెద్దాయనా."

బందోబస్తుకు అందరం పూజ చేసిన ట్రాక్టరు ఒకటి ఆపి ఎక్కి పోయాం. దాని నిండా మామిడాకులు, బంతిపూలు. ఊరేగింపులో మమ్మల్నీ ఒక అలంకారం అనుకున్నారు. అమ్మలక్కలు సారుకు బొట్టు పెట్టి హారతి ఇచ్చారు. ఆయన ఒక చేత్తో ట్రాక్టరు రేకును గట్టిగా పట్టుకుని, ఒంటిచేత్తోనే కళ్లకద్దుకున్నారు.

సాయంత్రం జమ్మి ఆకు (దసరా నాడు మాకు అదే బంగారం) తీసుకుని దుకాణానికి వెళ్లాను. బాపు మోటారు సైకిలు చక్రం బిగిస్తున్నాడు. చేతిలో బంగారం పెట్టి కాళ్లు మొక్కాను. ఆకును జేబులో వేసుకుని, అదే జేబులోంచి మేకు తీసి నా అరచేతిలో పెట్టాడు. "ఇగో, నీ బంగారం."

ఏడుపు వచ్చింది. "గట్ల ఎందుకు జెప్పినవ్ బాపు? నేను నోరు ఇప్పకపోతే నీ పేరు ఏమవును?"

"ఇప్పుతవని ఎరుకే" అన్నాడు, నట్టు మీంచి కళ్లు ఎత్తకుండా. "గని బిడ్డా, రెండు ట్యూబులు ముంచినంక ఇప్పినవ్."

ఇప్పుడు నేనే హెడ్డును. కొత్తగా వచ్చిన పోరగాళ్లకు పట్టీ ఎలా విసరాలో నేర్పుతూ, హారతి వచ్చినా తాడు వదలొద్దని మొదటే చెబుతాను. వాళ్లు నవ్వుతారు. బాపుకు మోకాళ్లు నొస్తున్నా సైకిలు తోసుకుంటూ అయస్కాంతం మాత్రం ఈడుస్తూనే ఉన్నాడు. ఆ మేకు నా బల్ల సొరుగులో ఉంది. అప్పుడప్పుడు దాని బొక్కలోంచి చూస్తుంటాను. జేబులో దువ్వెన పెట్టుకుని, రెండో ట్యూబు మునిగేదాకా నోరు తెరవని ఒక కుర్రాడు కనిపిస్తాడు. వాడి మీద ఇప్పుడు కోపం రాదు. పాపం, అప్పటికింకా మీసమే సరిగ్గా రాలేదు.